లాంతరు పట్టిన పిల్ల

బాల్యమున మిక్కిలి ప్రీతితో చూచిన దానిని నడివయస్సున మరల చూడబోవుట యొక సాహసమే. అమ్మమ్మ చేసిన అరిసె నిజముగా అంత తియ్యనిదా, లేక అప్పటి మన యాకలియే అట్టిదా యని తేల్చుకొనుటకు గుండె దిటవు కావలెను. పెక్కుమంది యీ పనికి పూనుకొనరు. జ్ఞాపకమును మూటగట్టి అటుకపై నుంచి, అది చెడలేదని నమ్ముచు కాలము గడుపుదురు. మేమును అట్లే ముప్పదియేడేండ్లు గడిపితిమి. 2023వ సంవత్సరము ఆషాఢమాసమున ఆ మూట విప్పవలసి వచ్చెను. మేము దాచిన వస్తువుతోపాటు, దాచితిమన్న సంగతియే మరచిన తప్పిదమొకటి అందు బయటపడెను. దానిని చదువరుల యెదుట నుంచుటకే యీ నాలుగు మాటలు.

ఇండియానా జోన్సు అను పురాతత్త్వ పండితుని సాహసములను గూర్చిన అమెరికా చలనచిత్రములు అయిదు కలవు. అవి వరుసగా 1981, 1984, 1989, 2008, 2023 సంవత్సరములలో వెలువడినవి. మొదటి నాల్గింటికి స్టీవెన్ స్పీల్‌బర్గు దర్శకుడు. కడపటిదానికి జేమ్సు మాన్‌గోల్డు. అయిదింట నాయకుడు హారిసన్ ఫోర్డే. అయిదింటికి సంగీతము కూర్చినవాడు జాన్ విలియమ్సే. వెడల్పు అంచు టోపీ, నడుమున చుట్టిన కొరడా, పామును చూచిన వణకు, ఇవి ఆ నాయకుని గురుతులు. కళాశాలలో పాఠములు చెప్పు పండితుడు సెలవు దొరకినంతనే గుహలలో దూరి, బంగారు విగ్రహములకై ప్రాణములొడ్డునట! బడిలో ఉపాధ్యాయుల బెత్తములు తప్ప వేఱు సాహసము నెఱుగని మాకు అతడు దేవునివలె కనబడుటలో వింతయేమి?

మా యిల్లు హైదరాబాదు పాతనగరమున లాల్ దర్వాజ గల్లీలలో నొకటి. మా తండ్రి చార్మినారు దాపున నొక కొట్టులో లెక్కలు వ్రాయుచుండెను. 1986 వేసవిలో శాలిబండ యందు మాకు తెలిసినవారి యింటికి వీడియో యంత్రము వచ్చెను. అద్దెకు దెచ్చిన క్యాసెట్టు, నకలుకు నకలై, తెరపై గీతలు వానవలె కురియుచుండగా, పదునైదుగురు కుర్రవాండ్రము ఒక గదిలో నేలమీద కూర్చుండి జోన్సుగారి మొదటి రెండు సాహసములను చూచితిమి. రెండవ చిత్రమును మన దేశమున కొంతకాలము నిషేధించి యుండిరి. నిషేధింపబడినదన్న వార్త దాని రుచిని ఇనుమడింపజేసెనని వేఱుగ చెప్పనక్కరలేదు.

మాకప్పుడు పదునొకండేండ్లు. మా అక్కకు పదునైదు. ఏడవ తరగతి ముగియగనే ఆమె చదువు మాన్పించిరి. బడి దూరమనియు, కాలము మంచిది కాదనియు కారణములు చెప్పిరి. బడి కదలలేదు, కాలము మాకును అదియే, కాని మమ్ము మాన్పింపలేదు. కుర్రవాండ్రున్న గదిలోనికి ఆడుపిల్ల పోగూడదన్న నియమముచే ఆమెకు శాలిబండ ప్రయాణమును లేకపోయెను. మేము చెప్పులు తొడుగుకొని పరుగిడుచుండగా ఆమె వాకిట నిలుచుండి, "వచ్చినంక అంతా చెప్పాలె తమ్మీ, ఒక్కటి గూడ ఇడువొద్దు" అనుచుండెను.

చెప్పితిమి. వేసవి రాత్రులందు డాబాపై నీళ్లు చల్లి, చాపలు పఱచి, మక్కా మసీదు దిక్కునుండి ఇషా నమాజు పిలుపు వినవచ్చి యాగిన పిదప, మా కథాకాలక్షేపము మొదలగుచుండెను. దొర్లివచ్చు బండరాయిని మేము చేతులతో దొర్లించి చూపుచుంటిమి. పాముల గుంతను చెప్పునపుడు అక్క కాళ్లు ముడుచుకొనుచుండెను. మొదటి చిత్రమున మారియన్ అను యువతి కలదు. చాలకాలమునకు తిరిగివచ్చిన నాయకుని చూచి చెంపపై పిడికిటితో గ్రుద్దును. ఆ ఘట్టమును అక్క మా చేత ముమ్మారు చెప్పించుకొనెను.

రెండవ చిత్రమువద్ద చిక్కు వచ్చెను. అందలి నాయిక పాటగత్తె. గనులలో, వంతెనపై, పురుగుల నడుమ కేకలు వేయుటయే ఆమె పని. అక్క మొగము చిన్నబోయెను.

"ఒర్లుడు తప్ప ఇంకేం చెయ్యదా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు సరియైన యుత్తరము, "చేయదు" అనుటయే. మేము అట్లు చెప్పలేదు. ఆ చిత్రమున పాన్‌కోట్ అను కల్పిత సంస్థానపు కోటక్రింద, చెఱబట్టి తెచ్చిన పిల్లలు గనులు త్రవ్వుచుందురు. ఆ పిల్లలలో నొకతె చేత లాంతరు పట్టుకొని యుండెనని చెప్పితిమి. చీకటిలో దారులన్నియు ఆమెకే తెలియునంటిమి. ఆనాటినుండి ప్రతిరాత్రియు ఆ పిల్ల పెరుగసాగెను. బండ్లు పట్టాలు తప్పబోవగా మీట త్రిప్పినది ఆమెయే; వంతెన త్రాళ్లను నాయకునికంటె ముందుగా చూచినది ఆమెయే. పది రాత్రులు గడచుసరికి జోన్సుగారు లాంతరు పిల్ల వెనుక టోపీ పట్టుకొని నడచు స్థితికి వచ్చిరి. అక్క సంతసించెను. ఆమెకు మేలు చేసితిమని మేమును సంతసించితిమి.

ఆ వేసవిలోనే వేఱొక సంగతియు జరిగెను. ఆ చిత్రమున కాళికాదేవి మందిరమని యొకటి చూపి, అందు పూజారి మనుష్యుని గుండెను చేతితో పెఱికినట్లును, రాజభవనపు విందులో పాములను, పురుగులను, కోతి మెదళ్లను ఆరగించినట్లును వర్ణించిరి. దీనిని మేము ఉత్సాహముతో చెప్పితిమి. అక్క కొంతసేపు ఊరకుండి, "మన అమ్మోరా? పోయిన యేడు నేనెత్తుకున్న బోనంల పెరుగన్నమే గద ఉండె?" అనెను.

మేము నవ్వితిమి. అంత పెద్ద చిత్రము తీసినవారికి తెలియనిది ఏడవ తరగతితో ఆగిన అక్కకు తెలియునా యని మా యభిప్రాయము. అంతటితో పోక, ఆ యాషాఢమున అక్క నెత్తిన వేపమండలు, దీపముగల బోనము నెత్తుకొని సింహవాహిని మహంకాళి గుడికి పోవుచుండగా, మేము పదియడుగులు వెనుకబడి, ఎవరో దొర మమ్ము చూచుచున్నట్లు తలవంచుకొని నడచితిమి. నెత్తిన కుండతో, నిండు పసుపుతో, ఇంటివారికి రోగము రాకూడదని మ్రొక్కుకొన్న పిల్లను చూచి మేము సిగ్గుపడితిమి. సిగ్గుపడవలసినది అందుకు కాదని తెలియుటకు చాలకాలము పట్టెను.

తెలిసిన పిదప ఆ చిత్రమును గూర్చి విచారించితిమి. నిర్మాతలు మన దేశముననే దానిని తీయనెంచిరి. కథాపత్రమును చూచిన ప్రభుత్వము ఆక్షేపించి మార్పులు కోరగా, వారు సింహళమునకు పోయి కాండీ దాపున చిత్రీకరించిరి. అందుచేత ఆ చిత్రమునందలి ఉత్తరదేశపు పల్లీయులు మాటాడునది సింహళభాష! పూజారి వేషము ధరించిన అమ్రీష్ పురియు, దివాను వేషము ధరించిన రోషన్ సేఠును మాత్రము మనవారే. ఇక ఠగ్గుల ఊహకు మూలమెచ్చటిది? 1830 ప్రాంతముల స్లీమన్ అను ఆంగ్లేయోద్యోగి ఠగ్గులను పట్టుటకు పూనుకొనెను. 1839లో ఒక ఠగ్గు తన నేరములను చెప్పుకొనునట్లు నవల వ్రాసి ఇంగ్లండును భయపెట్టినవాడు మెడోస్ టెయిలరు. అతడు కొలువు చేసినది మన హైదరాబాదు నిజాము సేనలోనే. అనగా, దొరలు మన పెరటినుండి పట్టుకపోయిన కథయే, నూటయేబది యేండ్లకు కొమ్ములు, కోరలు మొలిపించుకొని, వీడియో క్యాసెట్టు రూపమున మా శాలిబండకు తిరిగివచ్చెనన్నమాట.

మనయందు దోషములే లేవని మేమనుట లేదు. దేవతల పేరిట మేకపోతుల మెడలు తెగుట మేము చిన్ననాట చూచితిమి, దానిని సమర్థింపము. కాని యున్న దోషమును చూపి సిగ్గుపఱచుట వేఱు, లేని దోషమును కల్పించి సిగ్గుపఱచుట వేఱు. మొదటిది వైద్యము, రెండవది అవమానము. ఆ చిత్రమునకు న్యాయముగా మఱియొక మాటయు చెప్పవలెను. పురాతన వస్తువులు ప్రదర్శనశాలలలోనే యుండవలెనని వాదించు ఆ నాయకుడు, కథాంతమున పవిత్రమైన రాతిని ఏ ప్రదర్శనశాలకును ఈయక, అది పోగొట్టుకొన్న పల్లెకే తిరిగి యిచ్చివేయును. అంతటి మంచి ముగింపును విందులోని కోతి మెదడు మ్రింగివేసెను.

అక్కకు 1988లో పెండ్లి చేసిరి. చట్టప్రకారము ఆడుపిల్లకు పదునెనిమిదేండ్లు నిండవలెను, ఆమెకు పదునేడు. ఎవరును అడుగలేదు. మూడవ చిత్రము వచ్చునప్పటికి డాబాపై వినువారు లేకపోయిరి. తండ్రి వేషము ధరించిన షాన్ కానరీ కొడుకుగ నటించిన ఫోర్డుకంటె పండ్రెండేండ్లే పెద్దవాడు. ఐనను ఆ తండ్రికొడుకుల తగవులు చూచి కడుపుబ్బ నవ్వితిమి. ఎవరికి చెప్పవలెనో తెలియలేదు. 2008లో వచ్చిన నాలుగవదానిని చూచుచు సగములో కునికితిమి.

కడపట 2023 జూన్ చివర అయిదవది వచ్చెను. అక్క కూతురు ఎంజినీరై, తన సంపాదనతో తాను బ్రదుకుచున్నది. ఆ పిల్ల ఫోనులోనే రెండు టిక్కెట్లు కొని, "మామా, అమ్మను తీస్కపో. చిన్నప్పటి సంది ఈ టోపీ ఆయన కథ చెప్తనే ఉన్నది, ఒక్కపారన్న చూడనీ" అనెను. దొరికినది ఇంగ్లీషు ఆట. కనుక ముప్పదియేడేండ్ల తరువాత, చీకటిలో, అక్క చెవిలో మేము మరల కథ చెప్పనారంభించితిమి.

చిత్రము 1944లో మొదలగును. కంప్యూటరు సాయమున ఫోర్డుగారి మొగమునుండి నలువదేండ్లను తుడిచివేసిరి. మేము చిన్ననాట చూచిన మొగమే. కాని గొంతు మాత్రము వృద్ధునిది. ఆ పిదప కథ 1969కి దుమికి, ఇరుకింటిలో ఒంటరిగా నిదురలేచు ముసలివానిని చూపును. కొడుకు వియత్నాము యుద్ధమున చచ్చెను, భార్య విడిపోవుచున్నది, కళాశాలలో పదవీవిరమణ. చంద్రమండలమునకు పోయివచ్చినవారికి వెలుపల ఊరేగింపు జరుగుచుండగా, పాతకాలపు పండితుని పాఠమెవరికి కావలెను? అక్క నిట్టూర్చి, "పాపం, ముసలోడైపోయిండు గద" అనెను. అంతలో నాయకుని మిత్రుని కుమార్తె హెలీనా ప్రవేశించెను. ఆమె చదువరి, గడుసరి, అవసరమైనచో దొంగయు. దూకును, వాహనము తోలును, నాయకునే మోసగించును. అక్క మా మోచేయి పట్టుకొనెను.

"గీమెనే గద తమ్మీ మన లాంతరు పిల్ల? పెద్దగయ్యింది గద!"

మా గుండె ఝల్లుమనెను. ఆమె మరువలేదు! మేము మరచితిమి. పదునైదేండ్ల పిల్లకు చెప్పిన కల్లను ఏబది దాటిన స్త్రీకి విప్పి చెప్పుటకు నోరు రాక, "అవునక్కా" అంటిమి.

కథకు కేంద్రము ఆర్కిమిడీసు చేసినట్లు కల్పించిన ఒక చక్రయంత్రము. అట్టి దొకటి నిజముగనే కలదు. 1901లో గ్రీసు దేశమున ఆంటికిథెరా ద్వీపము చెంత మునిగిపోయిన ఓడనుండి కంచు పళ్లచక్రముల యంత్రము దొరకెను. సూర్యచంద్రుల గతులను, గ్రహణములను లెక్కించుటకు రెండువేల యేండ్లనాడు చేసిన దది. ఇప్పుడు ఏథెన్సు నగర ప్రదర్శనశాలలో నున్నది. చిత్రమున అది కాలమునందలి కంతలను చూపునట. పాత నాట్సీ శాస్త్రజ్ఞుడొకడు దానితో 1939కి పోయి యుద్ధమును తన పక్షమునకు త్రిప్పుకొన జూచును. కాని విమానము తిన్నగా క్రీస్తుపూర్వము 212 నాటి సిరాక్యూసు ముట్టడిలో పడును. ఆ యంత్రము ఎవరిని ఎక్కడికి పంపినను ఆ యొక్కచోటికే పంపునట్లు ఆర్కిమిడీసు చేసెనట! గాయపడిన ముసలి జోన్సు ఆ ప్రాచీనకాలముననే నిలిచిపోదునని బ్రతిమాలుకొనును. హెలీనా అతని దవడపై నొక గ్రుద్దు గ్రుద్ది, మూర్ఛిల్లినవానిని వర్తమానమునకు లాగుకొని వచ్చును.

"మంచి పని చేసింది" అనెను అక్క.

కడపట మారియన్ కూరగాయల సంచితో తలుపు త్రోసికొని వచ్చుటను చూచి, మేము చెప్పకమునుపే, "గీమె చెంప మీద కొట్టినామె గదా" యని గుర్తుపట్టెను. చూడనివారి మొగమును గుర్తుపట్టుటయెట్లో మేమెఱుగము. చిత్రము గొప్పదా యని చదువరులడుగుదురేని, తఱుముళ్లు దీర్ఘములు, మొదటిదానియందలి చుఱుకుదనము లేదు అని చెప్పుదుము. కాని మేమా రాత్రి నిదురపోకుండుటకు కారణము తఱుముళ్లు కావు. "అవునక్కా" యన్న మాట గొంతులో ముల్లువలె నిలిచెను.

తరువాతి యాదివారము అక్కను సాలార్‌జంగు మ్యూజియమునకు తీసికొనిపోతిమి. మూసీ యొడ్డున, ఆమె యింటికి గట్టిగా రెండు మైళ్లు లేదు. ఐనను బిడ్డలను బడివారు పంపునపుడు డబ్బు కట్టెనే కాని తాను ఎన్నడును లోనికి పోలేదు. మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949లో మరణించువఱకు ప్రపంచమున నచ్చిన దానినెల్ల కొనుచు వచ్చెను. 1951లో నెహ్రూగారు దివాన్ దేవిడీలో ఆ ప్రదర్శనశాలను తెఱచిరి; 1968లో అది ఇప్పటి భవనమునకు మాఱెను. జోన్సుగారి జాతివారు మన దేశముల వస్తువులు పట్టుకపోవగా, ఈ నవాబులు వారి దేశముల వస్తువులను రొక్కమిచ్చి పాతనగరమునకు దెచ్చిరి. ఆ రొక్కము జాగీరు రైతుల చెమటయే యన్న సంగతిని మరువనక్కరలేదు; ఐనను దోచుటకంటె కొనుట మేలు. బెంజోనీ యను ఇటలీ శిల్పి మలచిన మేలిముసుగు రెబెక్కా చెంత అక్క చాలసేపు నిలిచెను. పాలరాతియే పలుచని ముసుగైనట్లును, లోపలి మొగము తొంగిచూచుచున్నట్లును ఉండును. అక్క ఏమియు అనలేదు. మేమును అడుగలేదు.

అచ్చటి గడియారమును ఎఱుగని హైదరాబాదువారుండరు. గంటగంటకు ఒక చిన్న తలుపు తెఱచుకొని గడ్డపు బొమ్మ వెలువడి, ఎన్ని గంటలైన అన్నిమార్లు గంట కొట్టి లోనికి పోవును. దాని యెదుట బల్లలపై పిల్లలు, తల్లులు, బురఖాల స్త్రీలు, పల్లెలనుండి వచ్చిన రైతులు గుంపులుగా కూర్చుందురు. పండ్రెండు కొట్టుటకు పదినిమిషములుండగా మేమిద్దరమును వారి నడుమ కూర్చుంటిమి. అప్పుడు చెప్పితిమి.

"అక్కా, ఆ సినిమల లాంతరు పిల్ల లేదు. నేనే కల్పించిన. మొన్న గూడ అబద్ధమే చెప్పిన."

అక్క మావైపు చూడలేదు. గడియారము వైపే చూచుచు చిరునవ్వు నవ్వెను.

"నాకు గప్పుడే తెలుసు తమ్మీ. ఇంగ్లీషు సినిమల లాల్ దర్వాజ తీరు మాట్లాడే పిల్ల యాడికెళ్లి వస్తది?"

మేమును నవ్వితిమి. బరువు దిగినదని తలంచుచుండగా, ఆమె అదే స్వరముతో, కోపమేమియు లేక, మఱియొక మాట చెప్పెను.

"కత మంచిగనే కట్టినవు. గని ఒక్కపారి బాపును అడిగి ఉండాల్సింది. 'అక్కను గూడ తోల్కపోతా' అని. ఆయన ఒద్దనేటోడే. అయినా నువ్వు అడిగినవని నాకు ఉండేది."

తలుపు తెఱచుకొనెను. గడ్డపు బొమ్మ వచ్చి పండ్రెండుమార్లు కొట్టెను. పిల్లలు చప్పట్లు చఱచిరి. మా వద్ద ఉత్తరము లేదు.

ఇప్పటికిని లేదు. మేము నిజముగా అడుగలేదు. సినిమాకు తీసికొనిపోవుటకు మాత్రమే కాదు. బడి మాన్పించునాడు అడుగలేదు, పెండ్లి కుదుర్చునాడు అడుగలేదు. మొదటిసారి చిన్నవారమన్న సాకు గలదు. తక్కినవానికి అదియు పలుచనిదే. చూచివచ్చి చెప్పువాడు నేనొక్కడనే యన్న గర్వము మాకుండెను. ఆమెయు చూచినచో మేము చెప్పవలసిన పని యేమి? కథలో ఆమెకు తావిచ్చి, ఇంటిలో ఆమె తావునుగూర్చి నోరు మెదపకుంటిమి. దానిని దయ యనుకొంటిమి. స్త్రీలను దేవతలుగ వర్ణించు మన పద్యములును, తల్లులుగ కీర్తించు మన యుపన్యాసములును కొన్నిచోట్ల ఇట్టి లాంతరు పిల్లలే గదా యని యిప్పుడు తోచుచున్నది. కథలో వెలుగు ఆమె చేతికిచ్చుట సులభము.

కొన్నాళ్లకు లాల్ దర్వాజ బోనాలు వచ్చినవి. అక్క బోనమెత్తెను. ఈమారు మేము ప్రక్కన నడచితిమి. ఆ సాయంకాలము పాత డాబాపై, ఇరుగుపొరుగు పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని, తాను స్వయముగా చూచిన చిత్రమును అక్క చెప్పుచుండెను. విమానము, ఓడ, ముసలి నాయకుడు అన్నియు సరిగానే యున్నవి. నడుమ ఒక లాంతరు పిల్లయు వచ్చెను. మేము సరిదిద్దలేదు.

పిల్లలు వెళ్లిన పిదప, "అక్కా, నీకు చదువుకోవాలని ఉన్నదా? ఓపెన్ స్కూలుల ఏ వయసోళ్లయినా పదో తరగతి రాయొచ్చు" అని అడిగితిమి. ఆమె నవ్వి, "ఇప్పుడా?" అనెను. వద్దని చెప్పలేదు. మఱునాడు దరఖాస్తు కాగితములు తెచ్చి యిచ్చితిమి. అవి యింకను ఆమె దేవునిగూటిలో, కుంకుమభరిణె క్రింద ఉన్నవి. ఆమె వాని నింపునో లేదో మాకు తెలియదు, తొందరపెట్టుటయు లేదు. ఈమారు అడిగితిమి.